మార్కుల మెమోలో కంపెనీ ఏం చూస్తుంది?

మ్యాథ్స్-2లో సీ గ్రేడు వచ్చింది, సిగ్నల్స్‌లో బీతో బయటపడ్డాను, కంపెనీ వాళ్లు చూస్తే పక్కన పెట్టేస్తారా? క్యాంపస్ సెలక్షన్లు దగ్గరపడుతుంటే ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో వినిపించే ప్రశ్న ఇది. సీనియర్ల దగ్గర దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ‘మార్కులెవరు చూస్తారురా, స్కిల్స్ ఉంటే చాలు’ అనేది ఒకటి. ‘ప్రతి సెమిస్టర్ మెమో అడుగుతారు, జాగ్రత్త’ అనేది మరొకటి. రెండింటిలోనూ కొంత నిజముంది. రెండూ విన్నవాణ్ని తప్పుదారి పట్టిస్తాయి కూడా. ఎందుకంటే కంపెనీలో మీ మార్కులు చూసేది ఒక్క మనిషి కాదు. దరఖాస్తులు వడపోసేవాళ్లకు మీ మొత్తం సీజీపీఏ కావాలి. ఇంటర్వ్యూ చేసే ఇంజినీరుకు సబ్జెక్టు కావాలి, అందులో వచ్చిన గ్రేడుతో ఆయనకు పెద్దగా పనిలేదు. ఆఫర్ ఇచ్చాక ధ్రువపత్రాలు సరిచూసేవాళ్లకు కాగితం కావాలి. ఈ దారి పొడవునా ఒక మామూలు సబ్జెక్టులో వచ్చిన మామూలు గ్రేడు దానంతటదే ఎవరి ఉద్యోగాన్నీ ఆపదు. అది ఎదుటివాడి కంట్లో పడేది ఎక్కువగా మన చేతులారానే: ఏ ఉద్యోగం అడిగాం, రెజ్యూమెలో ఏమేమి వచ్చని రాసుకున్నాం అన్నదాన్ని బట్టి.

ముందు వడపోత సంగతి చూద్దాం. టీసీఎస్ ఫ్రెషర్ల కోసం పెట్టే నేషనల్ క్వాలిఫయర్ టెస్టు ప్రకటనల్లో కనిపిస్తూ వచ్చిన షరతులివి: పదో తరగతి, ఇంటర్ లేదా డిప్లొమా, డిగ్రీ, వీటిలో ప్రతిదానిలోనూ 60 శాతం లేదా 6 సీజీపీఏ ఉండాలి; దరఖాస్తు చేసేనాటికి ఒకటికి మించి బ్యాక్‌లాగ్ మిగిలి ఉండకూడదు; చదువులో వచ్చిన గ్యాప్ మొత్తం రెండేళ్లు దాటకూడదు. మిగతా పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీలు కూడా కొద్ది తేడాలతో ఇలాగే అడుగుతాయి. ఈ షరతుల్లో ఒక్క సబ్జెక్టు పేరైనా ఉందేమో వెతకండి. లేదు. లక్షల్లో వచ్చే దరఖాస్తుల్ని మనిషి కూర్చుని చదవలేడు కాబట్టి కంప్యూటరు వడపోస్తుంది, ఆ పనికి ఒక్క అంకె చాలు. ఇది మొరటు జల్లెడ అని ఒప్పుకోవాల్సిందే. పదిహేనేళ్ల వయసులో సోషల్ పరీక్ష ఎలా రాశాడన్నది ఇరవై ఒకటో ఏట ప్రోగ్రామర్ ఉద్యోగానికి అడ్డు రావడంలో న్యాయం ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఇంకో సంగతి కూడా ఇక్కడే గమనించాలి. ఇవే కంపెనీలు మెకానికల్, సివిల్, ఈఈఈ విద్యార్థుల్ని సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోకి తీసుకుంటాయి. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో టాప్ గ్రేడు ‘ఓ’ వచ్చినా సీ వచ్చినా జావా రాయడానికి తేడా లేదని వాళ్లకు తెలుసు. ఇన్ఫోసిస్ మైసూరులో అంత పెద్ద శిక్షణ కేంద్రం నడుపుతున్నదంటే, చేరేవాళ్లు కాలేజీలో నేర్చుకుని వచ్చింది సరిపోదని ముందే లెక్క వేసుకున్నదన్నమాట. అలా లెక్క వేసుకున్న సంస్థ మీ నాలుగో సెమిస్టర్ మెమోలో మూడో వరుస మీద వేలు పెట్టి కూర్చోదు.

అయితే ఆ ఒక్క అంకె సబ్జెక్టుల గ్రేడులతోనే కదా తయారయ్యేది, ఒక్కొక్కటీ ముఖ్యమే కదా అంటారు. ఎంత ముఖ్యమో కాగితం మీద వేసి చూడాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇటీవలి రెగ్యులేషన్లలో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. ఓ గ్రేడుకు 10 పాయింట్లు, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, అలా దిగుతూ సీకి 5. థియరీ సబ్జెక్టుకు మూడు క్రెడిట్లు అనుకుందాం. అందులో ఏ రావాల్సిన చోట సీ వస్తే పోయేది మూడు పాయింట్లు, మూడు క్రెడిట్ల మీద తొమ్మిది. తొమ్మిదిని 160తో భాగిస్తే 0.056. అంటే నాలుగేళ్ల సీజీపీఏలో ఆ సబ్జెక్టు చేసిన నష్టం ఒక దశాంశంలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఓ రావాల్సిన చోట సీ వచ్చిందనుకున్నా నష్టం 0.1కి చేరదు. ఏడున్నర ఉన్నవాడికి ఇది కనబడదు. ఆరున్నర అంచున ఉన్నవాడి సంగతి వేరు. ఆ యూనివర్సిటీ లెక్కలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో హెచ్చిస్తే శాతం వస్తుంది. కాబట్టి 60 శాతం అంటే 6.5 సీజీపీఏ. 6.47 దగ్గర ఆగినవాడికి ఒక్క సబ్జెక్టులో సీ బదులు ఏ వచ్చి ఉంటే గీత దాటేవాడు. ఇదే చోట మరో చిక్కు ఉంది. ‘60 శాతం లేదా 6 సీజీపీఏ’ అని అడిగిన కంపెనీకి 6.2 ఉన్నవాడు అర్హుడే. ‘60 శాతం’ అని మాత్రమే అడిగిన కంపెనీకి అదే మనిషి 57 శాతంతో అనర్హుడు. తెలిసీ తెలియక 6.2ను పదితో హెచ్చించి 62 శాతం అని నింపినవాళ్లు ఆఫర్ చేతికొచ్చాక ఇబ్బందుల్లో పడతారు. సబ్జెక్టు గ్రేడు గురించి దిగులుపడే సమయంలో సగం ఈ లెక్క మీద పెడితే ఎక్కువ మేలు.

మామూలు గ్రేడు సంగతి అది. ఫెయిలైతే వచ్చే ఎఫ్ సంగతి అలా కాదు. సీకీ బీకీ మధ్య కంపెనీ తేడా చూడదు, ఎఫ్‌ను మాత్రం చూస్తుంది. అదైనా ఏ సబ్జెక్టు అని కాదు, ఎన్ని అని. ఇంజినీరింగ్ డ్రాయింగ్ పోయినా డేటా స్ట్రక్చర్స్ పోయినా ఫారంలో అది ‘ఒక బ్యాక్‌లాగ్’ మాత్రమే. అందుకని క్యాంపస్ సీజన్‌కు ముందు సెమిస్టర్లో సమయం తక్కువైతే, వస్తున్న సబ్జెక్టులో ఏను ఏ ప్లస్ చేసుకునే ప్రయత్నం ఆపి, పోయిన సబ్జెక్టు సప్లీలో గట్టెక్కడం తెలివైన పని. ఫారం నింపేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. ఇప్పుడు మిగిలి ఉన్న బ్యాక్‌లాగులు ఎన్ని అన్నది ఒక ప్రశ్న. మొత్తం చదువులో ఎన్నిసార్లు ఫెయిలయ్యారు అన్నది వేరే ప్రశ్న. మొదటిదే అడిగినప్పుడు రెండోది చెప్పుకోనక్కర్లేదు, రెండోది అడిగినప్పుడు దాచకూడదు.

గ్రేడుల మీద కంపెనీలకు ఎంత నమ్మకముందో వాటి ప్రవర్తనే చెబుతుంది. అల్గారిథమ్స్‌లో మీకు వచ్చిన ఓ గ్రేడును నమ్మితే మళ్లీ డబ్బు పెట్టి ఆన్‌లైన్ టెస్టు ఎందుకు? కోడింగ్ రౌండ్ ఎందుకు? కారణం ఊహించడం కష్టం కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్లో సబ్జెక్టుకు నూరు మార్కులైతే అందులో 40 ఇంటర్నల్స్, అవి కాలేజీ చేతిలో ఉంటాయి. అటానమస్ కాలేజీలు ప్రశ్నపత్రమూ తామే ఇచ్చి, వాల్యుయేషనూ తామే చేయించుకుంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు కాలేజీల్లో వచ్చిన ఎనిమిది పాయింట్లు ఒకే విలువవి కావని తెలుగు రాష్ట్రాల్లో క్యాంపస్‌లు తిరిగే హెచ్‌ఆర్ వాళ్లందరికీ తెలుసు. పరిశోధన చెప్పేదీ ఇదే దిశలో ఉంది. 1996లో ఫిలిప్ రాత్, ఆయన సహచరులు ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ సైకాలజీ’లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీ గ్రేడులకూ ఉద్యోగంలో పనితీరుకూ ఉన్న సంబంధం మీద అంతకుముందు జరిగిన పరిశోధనల్ని వాళ్లు కలిపి చూశారు. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం అనుకుంటే, నేరుగా లెక్కించినప్పుడు వచ్చింది 0.16. కొలతల్లో ఉండే లోపాలను సరిదిద్దాక అది 0.3 దాటింది. అంటే గ్రేడులు బొత్తిగా అర్థం లేనివి కావు, కానీ భవిష్యత్తు చెప్పే శక్తి వాటికి తక్కువ. చదువు పూర్తయి ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంబంధం ఇంకా పలచబడిందని కూడా వాళ్లు గమనించారు. ఇదంతా మొత్తం గ్రేడుల సగటు గురించి. అందులో యాభయ్యో వంతు ఉండే ఒక్క సబ్జెక్టు గ్రేడు చెప్పగలిగింది ఎంతో మీరే ఊహించుకోవచ్చు. గూగుల్‌లో మానవ వనరుల విభాగాన్ని నడిపిన లాస్లో బాక్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ, ఒకప్పుడు అభ్యర్థులందరి దగ్గరా మార్కుల జాబితాలు అడిగేవాళ్లమనీ, కాలేజీ నుంచి వచ్చి కొన్నేళ్లే అయినవాళ్ల విషయంలో తప్ప ఇప్పుడు ఆ పని మానేశామనీ చెప్పాడు. ఈ మాటను మన కుర్రాళ్లు సగమే గుర్తుపెట్టుకుంటారు. ఆ మినహాయింపు ఎవరి గురించి? ఫ్రెషర్ల గురించే.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి వద్దాం, సబ్జెక్టు అసలు పనికొచ్చేది ఇక్కడే. ‘మీకు ఇష్టమైన సబ్జెక్టు ఏది?’ అని అడగడం మన దగ్గర టెక్నికల్ ఇంటర్వ్యూల్లో మామూలు. డీబీఎంఎస్ అన్నారనుకోండి, తర్వాతి ప్రశ్న అందులో మీకు ఏ గ్రేడు వచ్చిందని కాదు. నార్మలైజేషన్ ఎందుకు చేస్తారు, ఇండెక్స్ పెడితే ఏం వేగవంతమవుతుంది, ఏం నెమ్మదిస్తుంది, ఈ రెండు టేబుళ్ల మీద క్వెరీ రాయండి, అలా సాగుతుంది. ఓ గ్రేడు వచ్చినవాడు ఇక్కడ తడబడితే ఆ ఓ ఏం కాపాడదు. నిజానికి మరింత ఇరుకున పెడుతుంది, చదివింది పరీక్ష కోసమేనని తేలిపోతుంది కాబట్టి. సీ వచ్చినవాడు శుభ్రంగా చెబితే సీ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. కోర్ కంపెనీల్లో ఇది ఇంకా పదునుగా ఉంటుంది. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ ఉద్యోగానికి వెళ్లిన ఈసీఈ విద్యార్థిని డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ దగ్గర మొదలుపెట్టి లోతుకు తీసుకెళతారు. అతని మెమోలో ఎవరైనా ఒక వరుస చూస్తే ఆ సబ్జెక్టుదే చూస్తారు, యాంటెనాల వరుస చూడరు. రెజ్యూమెలో ‘మెషీన్ లెర్నింగ్‌లో ప్రావీణ్యం’ అని రాసి, మెమోలో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ బొటాబొటిగా పాసైతే అడిగేవాడికి అనుమానం రావడం సహజం. ఆ రాత లేకపోతే ఆ గ్రేడు మీద కన్ను పడేదే కాదు.

సబ్జెక్టు వారీ మార్కుల్ని నిజంగానే చదివే చోట్లు లేకపోలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టుకు డిగ్రీలో మొత్తం మీద 50 శాతం ఉంటే చాలదు, బోధించబోయే సబ్జెక్టులోనూ 50 శాతం ఉండాలి. టీచరు కావాలనుకునే బీఎస్సీ విద్యార్థి ఈ ఒక్క షరతు కోసమైనా మెమోను వరుస వరుసగా చూసుకోవాలి. బ్రిటన్‌లో పెద్ద లా ఫర్ములు ట్రెయినింగ్ కాంట్రాక్టు (లాయరుగా శిక్షణ ఇచ్చే ఉద్యోగం) దరఖాస్తుల్లో ఒక్కో మాడ్యూల్‌కు వచ్చిన మార్కును విడివిడిగా నింపమంటాయి. చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది మార్కులు డిగ్రీ క్లాసులోకి లెక్కకే రావు, అవి కూడా అడుగుతారు. విడ్డూరంగా అనిపించినా కారణముంది. అక్కడ విద్యార్థులు డిగ్రీ పూర్తికాకముందే దరఖాస్తు చేస్తారు. క్లాసు ఇంకా తేలలేదు కాబట్టి ముక్కలనే చూడాలి. మొత్తం తయారు కానప్పుడే భాగాలకు విలువ పెరుగుతుందన్నమాట. మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ కోసం ప్రయత్నించే మన విద్యార్థికీ ఇదే వర్తిస్తుంది. చేతిలో ఉన్నవి నాలుగు సెమిస్టర్లే అయితే ఒక్కో గ్రేడు బరువు రెట్టింపవుతుంది. ఎంఎస్సీకి బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులు లెక్కించుకోవాల్సింది వేరే ఉంది. అక్కడి ఏడాది ఎంఎస్సీకి 180 క్రెడిట్లయితే, సాధారణంగా 60 డిసర్టేషన్‌వే. మూడో వంతు ఒక్క పనిలో ఉన్నప్పుడు ‘ఒక్క మాడ్యూలే కదా’ అనుకోవడానికి లేదు. మరోవైపు అదే దేశంలో ఈవై సంస్థ 2015లోనే డిగ్రీ క్లాసును అర్హతల్లోంచి తీసేసింది. చాలా ఉద్యోగాలకు అప్పర్ సెకండ్ క్లాస్ తప్పనిసరన్న నిబంధనను పీడబ్ల్యూసీ 2022లో ఎత్తేసింది. మొత్తానికే ఆ గతి పడుతున్న చోట భాగాల సంగతి చెప్పాలా? ఇక జర్మనీ యూనివర్సిటీలు మీరు చదివిన సబ్జెక్టుల్నీ క్రెడిట్లనీ తమ సిలబస్‌తో పోల్చి చూస్తాయన్న మాట నిజమే. అది అడ్మిషన్ల వ్యవహారం. విదేశీ అడ్మిషన్ల కోసం కన్సల్టెన్సీలు చెప్పే జాగ్రత్తల్ని ఉద్యోగాలకు అన్వయించుకుని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలకొస్తే, సివిల్స్‌కైనా గ్రూప్-1కైనా డిగ్రీ ఉంటే చాలు, అందులో మార్కులతో పనే లేదు.

ఇదంతా విని, అయితే ఇష్టం లేని సబ్జెక్టులన్నీ నలభై మార్కులతో నెట్టుకొస్తే సరిపోతుందిగా అనేవాళ్లుంటారు. ఇది బలమైన ఆక్షేపణే, ఎందుకంటే పై లెక్క దాన్ని సమర్థిస్తున్నట్టే కనబడుతుంది. కానీ ఆ లెక్క ఒక సబ్జెక్టుకు వేసింది. ఐదు సబ్జెక్టుల్లో ఏకు బదులు సీ వస్తే సీజీపీఏ 0.28 తగ్గుతుంది, పది సబ్జెక్టుల్లో అయితే అర పాయింటు దాటుతుంది. అప్పుడు మనిషి జల్లెడ కిందికి జారిపోతాడు, ఎన్ని స్కిల్స్ ఉన్నా వాటిని చూపించే గదిదాకా వెళ్లడు. గీత కింద ఉన్నవాడికి తర్వాత సీజీపీఏను పెంచుకునే దారి కూడా దాదాపు మూసుకుపోతుంది, ఏడో సెమిస్టర్ మొదట్లో కంపెనీలు వచ్చేసరికి ఆరు సెమిస్టర్ల లెక్క ముగిసి ఉంటుంది. కాబట్టి చేయాల్సింది శ్రమను పంచుకోవడం. మీరు వెళ్లదలచిన ఉద్యోగానికి సంబంధించిన నాలుగైదు సబ్జెక్టులు పరీక్ష అయ్యాక కూడా మర్చిపోకుండా చదవాలి. మిగతావి ఏకో, బీ ప్లస్‌కో చేరేంత చదివి వదిలేయవచ్చు. లాబ్‌లు, మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు క్రెడిట్లను విద్యార్థులు చులకన చేస్తారు. తక్కువ యాతనతో పాయింట్లు వచ్చే చోట్లవి, ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి సరుకు దొరికేదీ అక్కడే. అన్ని సబ్జెక్టులకూ సమానంగా రాత్రుళ్లు మేల్కొనేవాణ్ని మన ఇళ్లలో మెచ్చుకుంటారు, కానీ టాపర్ అనిపించుకోవడం తప్ప ఉద్యోగం దృష్టితో దానివల్ల అదనంగా ఒరిగేది తక్కువ. పీహెచ్‌డీకో, విదేశీ స్కాలర్‌షిప్‌కో పోవాలనుకునేవాళ్లకు ఈ మాట వర్తించదు. అక్కడ మొత్తం సీజీపీఏలో ప్రతి దశాంశానికీ పోటీ ఉంటుంది.

తక్కువ వచ్చిన గ్రేడు ఉద్యోగానికి సంబంధించిన సబ్జెక్టులోదే అయితే? మెమో మారదు, దాని పక్కన పెట్టే సాక్ష్యాన్ని మార్చుకోవచ్చు. నెట్‌వర్క్స్‌లో సీ వచ్చి నెట్‌వర్క్ ఇంజినీరు ఉద్యోగం కోరుకునేవాడు ఒక చిన్న లాబ్ సెటప్ చేసి, రౌటింగ్ కాన్ఫిగర్ చేసి, చేసిందంతా రాసిపెట్టుకుంటే ఆ సీ గురించి అడిగినా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అడిగితే రెండు వాక్యాల్లో ముగించండి: అప్పుడు సరిగా చదవలేదు, తర్వాత ఇదిగో ఇది చేశాను. వాల్యుయేషన్ సరిగా చేయలేదనీ, లెక్చరర్ సరిగా చెప్పలేదనీ మొదలుపెట్టకండి. అందులో నిజమున్నా ఇంటర్వ్యూ చేసేవాడికి వినబడేది నెపం మాత్రమే. అడగకపోతే మీరుగా ఎత్తకండి. రెజ్యూమెలో సీజీపీఏ ఒక్కటి చాలు, ముప్పై సబ్జెక్టుల జాబితా ఎవరికీ అక్కర్లేదు. ఒకటి రెండు సబ్జెక్టులు పేరుపెట్టి రాయాలనుకుంటే ఉద్యోగానికి సంబంధించినవీ, మాట్లాడగలిగినవీ రాయండి.

‘ప్రతి సెమిస్టర్ మెమో అడుగుతారు’ అన్న సీనియర్ మాట చివరి దశలో నిజమవుతుంది. ఆఫర్ వచ్చాక కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, కొన్నిచోట్ల అన్ని సెమిస్టర్ల మెమోలూ అడుగుతారు. అవి చదివి మీ తెలివి తేల్చడానికి కాదు, ఫారంలో నింపిన సీజీపీఏ, పాసైన సంవత్సరం, బ్యాక్‌లాగుల సంఖ్య వీటితో సరిపోతున్నాయో లేదో చూడటానికి. సీ గ్రేడు వల్ల ఇక్కడ ఎవరికీ ఆఫర్ పోదు. సున్నా బ్యాక్‌లాగులని రాసి మెమోలో ఒకటి కనబడితే పోతుంది. మెమో పోగొట్టుకుంటే డూప్లికేట్ కోసం యూనివర్సిటీ చుట్టూ తిరగాలి కాబట్టి స్కాన్ చేసి దాచుకోండి. ఈ వారం చేయదగిన పని ఇంకొకటి ఉంది. రెజ్యూమె ముందు పెట్టుకుని, అందులో రాసిన ఒక్కో సబ్జెక్టు గురించీ పుస్తకం చూడకుండా పది నిమిషాలు బయటికి వినబడేలా మాట్లాడి చూడండి. మాట ఆగిపోయిన సబ్జెక్టును మళ్లీ చదవండి, లేదా రెజ్యూమెలోంచి కొట్టేయండి.